కావలి నుంచి కెన్యాకు: అనాథ పిల్లల దగ్గరికి, నిర్బంధంలో ఉన్న కుర్రాళ్ల దగ్గరికి పరిచర్యకు వెళ్లాలంటే

మాది కావలి దగ్గర ఊరు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక క్రైస్తవ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. గేటు మీద బోర్డులో మాత్రం ‘అనాథాశ్రమం’ అని ఉండేది. మా నాన్న పోయాడు కానీ మా అమ్మ బతికే ఉంది. అక్కడికి 20 కిలోమీటర్ల దూరంలో పొగాకు కూలికి పోయేది. ఏడాదికి రెండుసార్లు విదేశాల నుంచి దొరలు, దొరసానులు వచ్చేవాళ్లు. ఆ రోజు మాకు తలస్నానాలు, కొబ్బరినూనె, ఇస్త్రీ చొక్కాలు. బడి ఎగ్గొట్టించి, వరసలో నిలబెట్టి పాట పాడించేవాళ్లు. ఆ తర్వాత పెన్ను, చాక్లెట్టు, ఫొటో. ఒకసారి ఒక తెల్లావిడ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. ఆవిడ మళ్లీ రాలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత మా చర్చి సంఘం నుంచి తొమ్మిది మందిమి కెన్యా వెళ్లాం. ఈసారి వచ్చిపోయే మనిషిని నేను. కాబట్టి ఈ మార్గదర్శిలో వీసా, సూది, సామాను గురించి ఎంత ఉంటుందో, ఆ ఒళ్లో కూర్చున్న పిల్లవాడి వైపు నుంచి కూడా అంతే ఉంటుంది. మేము చూసింది కెన్యా కనుక అక్కడి చట్టాలే చెబుతున్నాను. వేరే దేశమైతే చట్టాలు మారతాయి, అడగాల్సిన ప్రశ్నలు మాత్రం పెద్దగా మారవు.

ముందు ఇక్కడ ఆరు నెలలు

టికెట్టు కొనకముందు మీ జట్టు కనీసం ఆరు నెలలు ఇక్కడే ఈ పని చేయాలి. ఇది మా పాస్టరు అయ్యగారు పెట్టిన షరతు. "కెన్యా తర్వాత పోదురుగానిలే అయ్యా, ముందు చెముడుగుంట పోయి రాండి" అన్నారు. చెముడుగుంటలో ఉన్నది నెల్లూరు సెంట్రల్ జైలు. నాకు అప్పుడు చిరాకేసింది. ఇప్పుడు ఎవరడిగినా నేను మొదట చెప్పేది అదే.

జైలుకైతే సూపరింటెండెంటు అనుమతి కావాలి. పిల్లల గృహాలకు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అడగాలి. మన బాల న్యాయ చట్టం 2015లో 74వ సెక్షన్ చదవండి. అక్కడి పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు ఏదైనా బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే 2 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. వాట్సాప్ స్టేటస్ కూడా బయటపెట్టడమే.

ఈ ఆరు నెలల్లో మా జట్టు నుంచి ఇద్దరు తప్పుకున్నారు. ఒకాయన ప్రసంగం చేయకుండా పావుగంట కూర్చోలేకపోయాడు. ఇంకో తమ్ముడికి చేతిలో ఫోను లేకపోతే ఊపిరాడలేదు. ఇద్దరూ మంచివాళ్లే, వాళ్లకు తగిన పరిచర్య వేరే ఉంది. ఆ సంగతి ఇక్కడ తెలుసుకోవడానికి మాకైంది ఆటో చార్జీ. నైరోబీలో తెలిసుంటే విమానం చార్జీ అయ్యేది.

దేవుడు పిలిచాడు సరే, అక్కడివాళ్లు పిలిచారా?

రెండో అడుగు ఆహ్వానం. ఆ దేశంలో ఇప్పటికే ఈ పని చేస్తున్న స్థానిక సంఘమో, జైలు చాప్లిన్లతో (ఖైదీల ఆత్మీయ అవసరాలు చూసే పాస్టర్లతో) కలిసి పనిచేసే బృందమో మిమ్మల్ని రమ్మని రాతపూర్వకంగా అడగాలి. మీరు రెండు వారాలుండి వచ్చేస్తారు. ఆ పిల్లవాడు మూడో వారం ఎవరితో మాట్లాడతాడు? ఆ మనిషి అక్కడ లేకపోతే మీరు వెళ్లకపోవడమే మేలు.

ఉత్తరం రాసేటప్పుడు మీ ప్లాను పంపకండి. "మీకేం కావాలి?" అని అడిగి ఊరుకోండి. మేము మాత్రం వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) పాటలు, తోలుబొమ్మలు, స్కిట్లు అన్నీ సిద్ధం చేసుకుని, ఆ తర్వాత అడిగాం. వాళ్ల జవాబు వచ్చింది: కుర్రాళ్ల శిక్షణ గదిలో పదకొండు కుట్టుమిషన్లు మూలపడి ఉన్నాయి, బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? లెక్కల పుస్తకాలు రాయడం నేర్పేవాళ్లు ఉన్నారా? మా స్త్రీల సమాజం కుట్టిన తోలుబొమ్మలు ఇప్పటికీ చర్చి బీరువాలోనే ఉన్నాయి. వాటి బదులు ఒంగోలులో టైలరింగ్ షాపు ఉన్న మా మావయ్యను జట్టులోకి తీసుకున్నాం. ఆయనకు ఇంగ్లిష్ రాదు. అక్కడ అందరికంటే ఎక్కువ పని చేసింది ఆయనే.

గోడ కట్టడం, రంగులు వేయడం లాంటి పనులు మీ ప్లానులో ఉంటే తీసేయండి. అక్కడ మేస్త్రీలు ఉన్నారు. మన తొమ్మిది మంది విమానం చార్జీలో ఒకరిది ఇచ్చినా వాళ్లు మనకంటే శుభ్రంగా గోడ కడతారు, నాలుగు ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

‘అనాథ’ అనే మాట దగ్గర ఆగండి

ఈ భాగం తొందరపడకుండా చదవమని నా మనవి.

సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లోనే చెప్పింది: ప్రపంచంలో ఇలాంటి గృహాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా హాస్టల్లో నా మంచం పక్కన పడుకున్నవాడికి ఇద్దరూ ఉన్నారు. పిల్లలు గృహాల్లోకి రావడానికి కారణం ఎక్కువగా చావు కాదు, పేదరికం. తిండి, బడి అక్కడైతే దొరుకుతాయని తల్లే తెచ్చి వదిలిపెడుతుంది. వదిలాక, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఆ పిల్లవాడు అనాథ అవుతాడు.

ఇంకో చిక్కు ఉంది. సందర్శకులు, కానుకలు పెరిగేకొద్దీ కొన్నిచోట్ల పిల్లలనే వెతికి తెచ్చి నింపడం మొదలవుతుంది. అందుకే కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులో ఇలాంటి కొత్త గృహాలను నమోదు చేయడం ఆపేసింది. 2022 నుంచి 2032 దాకా పదేళ్ల జాతీయ ప్రణాళిక పెట్టుకుని పిల్లలను గృహాల నుంచి కుటుంబాల్లోకి, బంధువుల ఇళ్లకు పంపే పని చేస్తోంది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాల చుట్టూ జరిగే ఈ పర్యటనల వల్ల పిల్లలు అక్రమ రవాణాకు, దోపిడీకి గురయ్యే ప్రమాదముందని తీర్మానంలో చెప్పింది. ఆస్ట్రేలియాలో చాలా సంఘాలు ఇలాంటి ట్రిప్పులే మానేశాయి.

అయితే మనమూ మానేయాలా? నా అభిప్రాయం: పిల్లలతో రెండు వారాలు ఆడుకుని వచ్చేయడానికైతే మానేయాలి. పిల్లలను ఇంటికి చేర్చే పనిలో ఉన్నవాళ్ల వెనక నిలబడటానికైతే వెళ్లొచ్చు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం మనందరికీ కంఠస్థమే. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లను పరామర్శించడమే నిజమైన భక్తి అంటుంది. అందులో దిక్కులేని పిల్లలతో పాటు విధవరాండ్రు కూడా ఉన్నారు. మా అమ్మ అందులో రెండో మాట. నన్ను చూడ్డానికి అన్ని వేల మైళ్లు వచ్చినవాళ్లలో ఎవరూ ఇంకో 20 కిలోమీటర్లు వెళ్లి ఆమెను చూడలేదు. నా మీద ఖర్చుపెట్టినదాంట్లో సగం ఆమె చేతికిస్తే నేను ఇంట్లోనే ఉండి చదువుకునేవాణ్ని.

కాబట్టి ఏ గృహానికైనా వెళ్లబోయే ముందు ఉత్తరంలోనే అడగండి. రిజిస్ట్రేషన్ కాగితం కాపీ పంపుతారా? మీ దగ్గర ఎంతమంది పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరైనా ఉన్నారు? పోయిన ఏడాది ఎంతమందిని ఇంటికి పంపారు? వాళ్లను మళ్లీ వెళ్లి చూసింది ఎవరు? మూడో ప్రశ్నకు "ఒక్కరినీ పంపలేదు" అని గర్వంగా చెప్పే చోటికి పోకండి. సందర్శకులకు ఎప్పుడైనా తలుపు తీసి, పిల్లలను ఎత్తుకోనిచ్చి, బడి సమయంలో పాటలు పాడించే చోటికి అసలు పోకండి. మేము అలాంటి ఒక చోటుకు వెళ్లాం. గేటు దగ్గరే పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. మర్యాదగా టీ తాగి, డబ్బులివ్వకుండా వచ్చేశాం. మా జట్టులో ఇద్దరికి నా మీద కోపం వచ్చింది. ఆ రాత్రి వాళ్లకు మా హాస్టల్ కథ చెప్పాల్సి వచ్చింది.

జట్టులో ఎవరు

ఎనిమిది, తొమ్మిది మందికి మించొద్దు. నర్సు, టీచరు, ఎలక్ట్రీషియన్, టైలరు, లెక్కలు తెలిసినవాళ్లు అక్కరకొస్తారు. ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ ఉండాలి. ప్రతి ఒక్కరి గురించీ సంఘం బయటివాళ్లను ఇద్దరిని అడిగి తెలుసుకోండి. "మనవాడే కదా" అన్న మాట ఈ ఒక్క విషయంలో పనికిరాదు. పోలీసు విచారణ పత్రం కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) టూరిస్టుగా వెళ్లేవాళ్లకు ఇవ్వరు. స్థానిక పోలీసుల ద్వారా ప్రవర్తన ధ్రువీకరణ తీసుకోవాలి.

ఒక్కొక్కరి చేత పిల్లల రక్షణ నియమాల మీద సంతకం చేయించండి, పాస్టరు అయ్యగారితో సహా. ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఒక గదిలో ఉండకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు. ఫోన్ నంబర్లు, ఫేస్‌బుక్ పేర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. ఒక్కడికే బహుమతి ఇవ్వకూడదు. "మళ్లీ వస్తాను", "నిన్ను చదివిస్తాను" లాంటి మాటలు నోటి నుంచి రాకూడదు.

కాగితాల పని

పాస్‌పోర్ట్ గడువు ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలుండాలి. కొత్తది కావాలంటే మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పదో తరగతి పాసవని అమ్మలకు, అక్కలకు పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) అని పడుతుంది. అది చూసి మా జట్టులో ఒకావిడ తనను పంపరేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. అది గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన నియమం. కెన్యాకు ఇలా వెళ్లడానికి దాంతో ఇబ్బంది లేదు.

జట్టులో ప్రభుత్వ టీచర్లు, ఉద్యోగులు ఉంటే విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అక్కడివాళ్లు మీ బస, భోజనం ఖర్చు పెట్టుకుంటామంటే అది విదేశీ ఆతిథ్యం కిందికి వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగికి దానికి కేంద్ర హోం శాఖ అనుమతి వేరే కావాలి. మన ఖర్చు మనమే పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

కెన్యా 2024 జనవరి నుంచి పాత వీసా తీసేసి ఈ-టీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేయండి. గూగుల్‌లో పైన కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు, వాళ్లు రెట్టింపు, మూడింతలు గుంజుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. సందర్శకుడిగా అనుమతి తీసుకుని, లోపలికి వెళ్లి బోధ, శిక్షణ చేయడం వేరే వ్యవహారం. స్వల్పకాలం పనికి స్పెషల్ పాస్ అని ఉంది, దీర్ఘకాలం ఉండే మిషనరీలకు ‘ఐ’ తరగతి పర్మిట్ ఉంది. మీరు చేసే పనికి ఏది కావాలో మిమ్మల్ని పిలిచిన సంఘం చేత అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో అడిగించి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. ‘చుట్టపుచూపుగా’ అని రాసి జైలు పరిచర్యకు వెళ్లడం అబద్ధంతో సువార్త మొదలుపెట్టడమే.

కుర్రాళ్ల నిర్బంధ కేంద్రాలకు రెండు వేర్వేరు శాఖలు ఉంటాయి. చిన్నపిల్లల రిమాండ్ హోంలు బాలల సేవల డైరెక్టరేట్ కింద ఉంటాయి. మొంబాసా దగ్గరి షిమో లా తేవా, కాకమేగాలోని షికూసా లాంటి, నేరం రుజువైన కుర్రాళ్లను ఉంచి దిద్దే బోర్‌స్టల్‌లు, నైరోబీ కామిటిలో ఉన్న యువకుల శిక్షణ కేంద్రం జైళ్ల శాఖవి. ఒకరి అనుమతి ఇంకొకరి దగ్గర చెల్లదు. పాస్‌పోర్ట్ నంబర్లతో జట్టు జాబితా ఎనిమిది వారాల ముందే పంపించండి. ఆ తర్వాత పేర్లు మార్చకండి.

సూది

కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ఈ టీకా మామూలు ఆసుపత్రుల్లో వేయరు, గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు అందుబాటులో ఉన్నవి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ముందే ఫోన్ చేసి, ఏ రోజు వేస్తారో కనుక్కుని బయల్దేరండి. వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. మా సంఘ పెద్ద ఒకాయనకు ఈ దగ్గరే ప్రయాణం ఆగిపోయింది.

నైరోబీలో మలేరియా భయం తక్కువ, మొంబాసా తీరంలోనూ పడమటి జిల్లాల్లోనూ ఎక్కువ. మీరు వెళ్లే ఊరు చెప్పి డాక్టరు దగ్గర మాత్రలు రాయించుకోండి.

డబ్బు

మా కోశాధికారి సంఘం సొసైటీ ఖాతా నుంచే డబ్బు కెన్యా పంపుదామన్నాడు. ఆడిటర్ ఆపాడు కాబట్టి బతికిపోయాం. విదేశాలకు సులువుగా డబ్బు పంపే వెసులుబాటు వ్యక్తులకే ఉంది, ట్రస్టులకు, సొసైటీలకు లేదు. పైగా ట్రస్టు ఆదాయం దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) ఖాతా ఉన్న సంఘాలైతే ఆ డబ్బు వైపు కన్నెత్తి కూడా చూడొద్దు. ఎవరి ఖర్చు వాళ్లు తమ ఖాతా నుంచి పెట్టుకోవడం, బంధువులు, స్నేహితులు నేరుగా ఆ మనిషికి సాయం చేయడం, ఇదే చిక్కులేని దారి.

విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్లకు మించి తీసుకెళ్లకూడదు. మేము అందులో పదో వంతు తీసుకెళ్లి, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకున్నాం. అక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఎంపెసా నడుస్తుంది, మన ఫోన్‌పే లాగే. అది 2007 నుంచే ఉంది, ఫోన్‌లో డబ్బు పంపడంలో వాళ్లు మనకంటే ముందు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అక్కడ ఎవరి చేతిలోనూ విడిగా డబ్బు పెట్టకండి. ఏమివ్వాలన్నా పిలిచిన సంఘం ద్వారా, రసీదుతో. మేము తీసుకెళ్లిన కానుకతో వాళ్లు చేసిన పని చూడండి: ఇళ్లకు వెళ్లిన నలుగురు పిల్లల బస్సు చార్జీలు, బడి ఫీజులు, ఒక అమ్మమ్మ ఇంటికి రేకుల కప్పు. ఫొటోకు పనికొచ్చేది అందులో ఏమీ లేదు.

సర్దుకోవడం

కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. జరిమానా మామూలుగా ఉండదు. మన అలవాటు తెలుసు కదా, కారప్పొడి ఒక కవర్లో, దాన్ని ఇంకో కవర్లో, చెప్పులు ఇంకో కవర్లో. అన్నీ తీసేయండి. స్టీలు డబ్బాలు, గుడ్డ సంచులు వాడండి. చెన్నై ఎయిర్‌పోర్టులో మా తొమ్మిది మంది పెట్టెలు విప్పితే గంపెడు కవర్లు వచ్చాయి.

నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మనకు రోహిణి కార్తె దాటి వడగాలి ఇంకా తగ్గని జూన్, జూలైల్లో అక్కడ పొద్దున్నే స్వెట్టర్ కావాలి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని మా వాళ్లు పల్చని నూలు చీరలే తెచ్చుకున్నారు. ప్లగ్గు మూడు పలకల పిన్నులది, అడాప్టర్ ఉండాలి. టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. తిండికి భయం లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న సంగటి, సుకుమ వికి అంటే ఆకుకూర. చపాతీ, టీ అక్కడా ఇంటింటి వస్తువులే. గోంగూర పచ్చడి నంచుకుంటే మా మావయ్యకు ఉగాలి మన సంగటి కంటే రుచిగా ఉందట. స్వాహిలీలో నాలుగు మాటలు నేర్చుకోండి: జాంబో (నమస్కారం), హబారి (ఏం విశేషాలు), అసాంతే (థాంక్స్), పోలే. చివరిది అయ్యో పాపం అనే మాట. ఎక్కువసార్లు అక్కరకొచ్చింది అదే.

గేటు లోపల

ఫోన్లు, బెల్టులు, పర్సులు బయటే ఉంచుతారు. మీరు వెళ్లాక కూడా "ఈ రోజు కుదరదు" అనవచ్చు. మాకు రెండుసార్లు అన్నారు. వాదించకండి, నవ్వి వెనక్కి రండి. మీ వల్ల గొడవైతే మీరు వెళ్లిపోయాక నష్టం చాప్లిన్‌కు, అతని కుర్రాళ్లకు.

లోపల ఉన్న వాళ్లంతా నేరం చేసినవాళ్లు కాదు. కొందరి విచారణ ఇంకా పూర్తికాలేదు, కొందరు వీధిలో దొరికి రక్షణ కోసం వచ్చినవాళ్లు. "ఏం చేసి వచ్చావు?" అని ఎవరినీ అడగకండి. పేరడగండి, ఊరడగండి, ఏ ఫుట్‌బాల్ టీం ఇష్టమో అడగండి. ఆ చివరి ప్రశ్నకు గంటసేపు జవాబు వస్తుంది.

ప్రసంగం పది నిమిషాలు. పాస్టరు అయ్యగార్లు నన్ను క్షమించాలి. మనం ఆదివారం ఇచ్చే నలభై నిమిషాల వర్తమానం అక్కడ వద్దు, ఎందుకంటే వాళ్లు లేచి వెళ్లలేరు. లేచి వెళ్లలేని మనిషికి బోధించేటప్పుడు మన బాధ్యత రెట్టింపవుతుంది. ఆరాధనకు రావడం, రాకపోవడం వాళ్ల ఇష్టం అని చాప్లిన్ చేత ముందే చెప్పించండి. కెన్యా 2010 రాజ్యాంగం 32వ అధికరణం కూడా ఎవరినీ బలవంతపెట్టొద్దనే చెబుతుంది. తీరం వైపు కేంద్రాల్లో ముస్లిం కుర్రాళ్లు చాలామంది ఉంటారు. రానివాడికి కూడా బిస్కెట్టు, కుట్టుపని, ఫుట్‌బాల్ సమానంగా అందాలి.

ఇది మనకు కొత్త పాఠం కాదు. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం జరిగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ అంకెను ప్రతి జూబిలీలో చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆగిన నెలల గురించి చెప్పుకోవడం తక్కువ.

మా మావయ్య పదకొండు మిషన్లలో తొమ్మిదింటిని నడిపించాడు. మొదటి రోజు ఆయన ఒక్కడే చేశాడు, కుర్రాళ్లు చుట్టూ నిలబడి చూశారు. రెండో రోజు స్క్రూడ్రైవర్ ఒకడి చేతిలో పెట్టి తాను కుర్చీలో కూర్చున్నాడు. భాష రాకపోవడం అక్కడ మేలే చేసింది, చెప్పడం కుదరక చేసి చూపించడమే మిగిలింది. మూడో రోజు చివరి మిషన్ ఆయన ముట్టుకోనే లేదు.

ఎవరైనా నోరు విప్పితే

ఒక పిల్లవాడు తనకు జరిగిన హింస గురించి మీకు చెప్పవచ్చు. కొత్తవాళ్లకు చెప్పడం కొన్నిసార్లు తేలిక. కంగారు పడకుండా వినండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, ఆ మాట నిలబెట్టుకోలేరు. గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకండి. బయటికి వచ్చిన వెంటనే వాడన్న మాటలు అన్నట్టే రాసుకుని, జట్టులో పిల్లల రక్షణకు పెట్టుకున్న మనిషికి ఇవ్వండి. వాళ్లు స్థానిక సంఘంతో కలిసి అధికారులకు చేర్చాలి. కెన్యాలో చైల్డ్ హెల్ప్‌లైన్ 116, మన 1098 లాంటిది. ఆరోపణ ఆ కేంద్రం సిబ్బంది మీదే అయితే వాళ్లకు చెప్పొద్దు, నేరుగా 116కి, బాలల సేవల అధికారికి చెప్పాలి. ప్రార్థన కూటంలో ఆ విషయం పేరుతో ఎత్తకండి. మన కూటాల్లో రహస్యం ఎంతసేపు ఆగుతుందో మీకు తెలుసు.

ఆ రోజు సాయంత్రం జట్టంతా కూర్చుని మాట్లాడుకోండి. విన్నవాళ్లకు నిద్ర పట్టదు.

తిరిగొచ్చాక

వచ్చిన ఆదివారమే సాక్ష్యం చెప్పమంటారు. రెండు వారాలు గడువు అడగండి. ముఖాలు కనిపించే ఫొటో ఒక్కటి కూడా తెర మీద వేయకండి. కెన్యా 2019 డేటా రక్షణ చట్టం ప్రకారం పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. చట్టం లేకపోయినా వేయకూడదు. మేము వేసినవి కుట్టుమిషన్ల ఫొటోలు. ఒక పెద్దాయన "పిల్లలు ఏరయ్యా?" అని అడిగాడు. "ఇళ్లకు పోయారు తాతా, నలుగురు" అన్నాను. ఆయనకు అది నచ్చినట్టు లేదు.

లెక్కలు రూపాయితో సహా నోటీసు బోర్డు మీద పెట్టండి. పిలిచిన సంఘంతో మూడు నెలలకోసారి మాట్లాడే బాధ్యత ఒకరికే అప్పగించండి, పిల్లలతో ఎవరికీ నేరుగా సంబంధం వద్దు. మిగిలినవాళ్లు చెముడుగుంట వెళ్లడం ఆపకూడదు. మా జట్టులో ఏడుగురు ఇంకా వెళ్తున్నాం. మిషన్ నూనె డబ్బా లోపలికి తీసుకెళ్లనిస్తారా అని మావయ్య అక్కడా అడిగాడు. జవాబు ఇంకా రాలేదు.

ఎల్లో ఫీవర్ కార్డు మాత్రం పారేయకండి. అది జీవితాంతం చెల్లుతుంది. పాస్‌పోర్ట్ ఉన్న కవర్లోనే పెట్టుకోండి.